స్పంజిక, కొవాలా: ఒక పోలిక

పోలిక చెప్పవలసి వచ్చినపుడు మనము సాధారణముగ దగ్గఱి వస్తువులనే తీసికొందుము. గుఱ్ఱమును గాడిదతో పోల్చుదుము, కోకిలను కాకితో పోల్చుదుము. నక్కకును నాకలోకమునకును పోలిక యేమి యని మఱియొక ప్రక్క పరిహాసమాడుదుము. కాని మా కార్యక్రమములకు ఉత్తరములు వ్రాయు పిల్లలకు ఈ మర్యాదలు పట్టవు. ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి యొక్క ప్రశ్న మా బల్లమీదికి వచ్చినది. సముద్రమున ఱాతినంటి కదలక యుండు స్పంజికయు, ఆస్ట్రేలియాలో చెట్టుకొమ్మ నంటి నిద్రించు కొవాలాయు - ఈ రెంటిలో ఏది యెక్కువ సోమరి? ఇదియే ఆ ప్రశ్న. మొదట నవ్వితిమి. పిదప గ్రంథములు తిరుగవేసిన కొలదిని నవ్వు తగ్గి ఆసక్తి పెరిగినది.

ముందుగ ఈ రెండును ఎక్కడ ఇరుగు పొరుగులో చెప్పుదము. ఆస్ట్రేలియా ఖండమునకు ఈశాన్యమున క్వీన్స్‌లాండ్ రాష్ట్రము కలదు. దాని తూర్పు తీరముననే ప్రపంచమున కెల్ల పెద్దదైన పగడపు దిబ్బల వరుస వ్యాపించి యున్నది. ఆ వరుసలో హెరన్ అను చిన్న ద్వీపము చుట్టునుగల దిబ్బయందు ఆంఫిమెడాన్ అను స్పంజిక నివసించును. తీరము దాటి లోపలికి పోయినచో యూకలిప్టసు వనములు, వాని కొమ్మలమీద కొవాలాలు. సూటిగ కొలిచినచో ఈ రెంటి నడుమ దూరము వంద మైళ్ళు మించకపోవచ్చును. ఒకదాని ఉనికి రెండవదానికి తెలియదు. ఐనను రెండింటి జీవితములయందును వింతయైన సామ్యము లున్నవి.

కొవాలా కథ మనకు కొంత సులభము. దానిని పెక్కుమంది ఎలుగుబంటి యందురు. అది ఎలుగుబంటి కాదు. కంగారువలె శిశుకోశముగల జంతువు. పిల్లను అపరిపక్వ దశలోనే కని, పొట్టమీది సంచిలో నుంచి పెంచుకొనును. దీనికి బాధ్యులు మొదటి తెల్లదొరలే. వారు 1798 ప్రాంతమున సిడ్నీ వెనుక కొండలలో దీనిని గూర్చి విని, తమ దేశపు జంతువులతో పోల్చి చూచుకొనిరి. శాస్త్రజ్ఞులు తరువాత పెట్టిన పేరును కూడ ఆ పొరపాటును పూర్తిగ వదలలేదు. బూడిదవన్నె గల సంచి ఎలుగు అని దాని అర్థము. కొవాలా యను మాట సిడ్నీ ప్రాంతపు ఆదివాసుల దరుగ్ భాషనుండి వచ్చినది. "నీరు త్రాగనిది" అని దానికి అర్థము చెప్పుట పరిపాటి. భాషావేత్తలు ఆ వ్యుత్పత్తిని అంతగ నమ్మరు.

యూకలిప్టసు అనగా మన జామాయిలు చెట్టే. నీలగిరులపై 1843 ప్రాంతమున నాటబడి, అటనుండి దేశమంతట వ్యాపించినది. దాని గుణము మన రైతుల కెఱుకయే. కంచె లేకున్నను జామాయిలు తోటకు భయము లేదు, మేక సైతము ఆ ఆకు ముట్టదు. ముట్టకపోవుటకు కారణము కలదు. ఆ ఆకులో నారయెక్కువ, మాంసకృత్తులు తక్కువ, పైగా ఘాటైన తైలములును చేదైన విషపదార్థములును నిండియుండును. మేక వదలిన ఈ ఆకునే కొవాలా తన జీవితమునకు ఆధారముగ చేసికొన్నది. ఏడువందలకు పైబడిన యూకలిప్టసు జాతులలో కొన్ని పదులను మాత్రమే అది తినును. ఒక్కొక్క అడవిలోని కొవాలాలు అందును నాలుగైదు జాతులకే యిష్టపడును. ఆకును మొదట ముక్కుతో వాసన చూచి, తగినదైననే నోట పెట్టును. రోజునకు అరకిలో మొదలు కిలోవఱకు నమలును. ఆ నమిలిన దానిని జీర్ణము చేయుటకు దాని కడుపులో రెండు మీటర్ల పొడవుగల అంధాంత్రము ఉన్నది. మనకు ఉండుకముగా ముగిసిపోయిన ఆ అవయవమే కొవాలాకు వంటయిల్లు. అందు కోటానుకోట్ల సూక్ష్మజీవులు చేరి ఆకులోని నారను పులియబెట్టును. విషమును విఱిచివేయు బాధ్యత కాలేయముది. 2018లో కొవాలా జన్యుసంపుటమంతయు చదివి ప్రకటించినపుడు, విషములను విఱుచు ఎంజైములకు సంబంధించిన జన్యువులు ఇతర జంతువులకంటె దీనియందు ఎక్కువగ పెరిగియున్నట్లు తెలిసినది.

ఇంత శ్రమపడి సంపాదించిన శక్తియైనను స్వల్పమే. రాబడి తక్కువైన గృహస్థు ఖర్చు తగ్గించుకొనక యేమి చేయును? కొవాలా రోజునకు పదునెనిమిది, ఇరువది గంటలు కదలక గడపుటకు కారణ మిదియే. జామాయిలు ఆకు మత్తు కలిగించుననియు, అందువలననే కొవాలా మగతగ నుండుననియు ఒక మాట ప్రచారములో కలదు. అందు నిజము లేదు. అది మత్తు కాదు, పొదుపు. వేసవిలో దాని పొదుపు మఱియు చిత్రము. ఎండ ముదిరినపుడు చెట్టు పైకొమ్మలు విడిచి, క్రిందికి దిగి, మానును గట్టిగ కౌగిలించుకొని పడుకొనును. చెట్టుమాను చుట్టునున్న గాలికంటె కొన్ని డిగ్రీలు చల్లగ నుండునని 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఉష్ణచిత్రములు తీసి చూపిరి. చెమట పోయించి చల్లబడవలెనన్న నీరు కావలెను. కౌగిలికి ఖర్చు లేదు.

నీటి మాటయు ఇట్లే. కొవాలాకు వలసిన నీటిలో చాలభాగము ఆకులోనే దొరకును. వానకాలమున చెట్టుమానుపై జాఱు నీటిని నాకి త్రాగుచుండగ చూచిన వృత్తాంతములు 2020లో ప్రకటింపబడినవి. అంతవఱకు కొవాలా నీరు త్రాగదనియే పెక్కుమంది నమ్మకము. చెట్టు దిగని జంతువు ఎక్కడ త్రాగునో చూచుటకు చెట్టుక్రింద వానలో నిలుచున్నవా రెందఱు?

ఇక స్పంజిక. స్పాంజి అనగానే మనకు తపాలా కచేరీలో బిళ్ళలు తడుపు మెత్తని ముద్ద జ్ఞప్తికి వచ్చును. నేటి అంగళ్ళలో దొరకునవి చాలవఱకు రబ్బరువంటి కృత్రిమ పదార్థములతో చేసినవి. పూర్వము వాడినది నిజమైన స్పంజిక యొక్క అస్థిపంజరము. బ్రతికినపుడు దానిపై జీవకణముల పొర లుండును. ఆ పొరలు కుళ్ళి పోవువఱకు నుంచి, కడిగి, ఆరబెట్టినచో ఆ మెత్తని జాలము మిగులును. అన్ని స్పంజికల పంజరమును అంత మెత్తన కాదు. కొన్నింటికి సున్నపు ముండ్లు, కొన్నింటికి గాజుముండ్లు. లోతైన సముద్రమున నివసించు గాజు స్పంజికలలో ఒకటి జపానువారికి ప్రీతికరము. పూలబుట్టవలె అల్లిన ఆ గాజుజాలములోనికి చిన్నతనముననే ఒక రొయ్యల జంట ప్రవేశించి, పెరిగి, వెలికి రాలేక జీవితాంతము అందే కాపురముండును. జపానులో దానిని పెండ్లికానుకగ ఇచ్చు ఆచారము కలదు. ఆ కానుక అందుకొన్న వధువు ఏమనుకొనునో మేము చెప్పజాలము.

స్పంజిక జంతువా, మొక్కయా యను వివాదము రెండువేల సంవత్సరములకు పైగా నడచినది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు దీనిని శ్రద్ధగ గమనించెను. పెఱుకబోయినపుడు ఇది ముడుచుకొని పట్టు బిగించుననియు, అందువలన దీనికి కొంత స్పృహ యుండవచ్చుననియు ఆనాటివారు చెప్పుకొను మాటను ఆయన వ్రాసియుంచెను. తరువాతివారు దానిని మొక్కలలో చేర్చిరి. 1825 ప్రాంతమున ఎడింబరోలో రాబర్టు గ్రాంటు అను వైద్యశాస్త్రజ్ఞుడు బ్రతికిన స్పంజికను సముద్రపు నీటిలో నుంచి సూక్ష్మదర్శినితో చూచుచుండెను. దాని పెద్ద రంధ్రమునుండి నీరు ఊటవలె ఎడతెగక వెలికి చిమ్ముచుండుట ఆయన కంటబడినది. నీరు లోనికి పోవుట చుట్టునున్న సన్నని రంధ్రములనుండి, వెలికివచ్చుట పెద్దరంధ్రమునుండి. మొక్క యిట్లు చేయదు. "రంధ్రములు గలవి" అను అర్థముగల పొరిఫెరా యను పేరు ఆయన యిచ్చినదే. ఈ గ్రాంటు కడ సముద్రతీరమున జీవులను పరిశీలించుట నేర్చిన విద్యార్థులలో చార్లెస్ డార్విను ఒకడు.

ఆ నీటి నడక వెనుక నున్న యంత్రము మిక్కిలి చిన్నది. స్పంజిక లోపలి గదులలో గోడలనిండ ఒకవిధమైన కణము లుండును. ఒక్కొక్క కణమునకు మెడపట్టీవంటి అంచును, దాని నడుమ కొరడావంటి తోకయు ఉండును. ఆ తోక ఆడించిన నీరు కదలును, నీటితో వచ్చిన బాక్టీరియాలు మెడపట్టీలో చిక్కును. ఒక్క తోక శక్తి లెక్కలోనిది కాదు. అట్టివి కోట్లకొలది కలసి ఆడించినపుడు, కిలో బరువుగల స్పంజిక దినమునకు వేలకొలది లీటర్ల నీటిని వడపోయును. గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు, ప్రేగులు లేవు, నోరును లేదు. ఐనను మన పట్టణములలోని నీటిపంపుల కార్యాలయములు అసూయపడదగిన పని జరుగుచున్నది. బయటినుండి చూచినవానికి మాత్రము ఱాతినంటిన ముద్ద. ఇట్టిదానిని సోమరి యనుట ఎంత తొందరపాటు!

విద్యార్థి ప్రశ్నకు ఇచ్చట సగము సమాధానము దొరకినది. కొవాలా కదలగలదు, కాని కదలికను దాచుకొనును. స్పంజిక కదలలేదు, కాని ఒక్క క్షణమును ఊరకుండదు. కొవాలా తిండికి చేరువగ తాను పోయి కూర్చుండును. స్పంజిక తాను కూర్చుండి సముద్రమునే తనకడకు రప్పించుకొనును. రెండును పేదతిండితో బ్రతుకుటకు కనుగొన్న ఉపాయములే. పగడపు దిబ్బల నీరు చూచుటకు స్వచ్ఛము. స్వచ్ఛమనగా ఆహారము లేనిదని అర్థము. అంత బీదనీటిలో అన్ని రంగుల జీవరాశి యెట్లు బ్రతుకుచున్నదను చిక్కు ప్రశ్న డార్వినునాటినుండి ఉన్నది. 2013లో డచ్చి శాస్త్రజ్ఞులు దీనికి ఒక సమాధానము చూపిరి. నీటిలో కరగిపోయి ఇతర జంతువులకు పనికిరాని సేంద్రియ పదార్థమును స్పంజికలు పీల్చుకొనును. పిదప తమ పాతకణములను త్వరత్వరగ విడిచివేయును. ఆ విడిచిన కణములు నత్తలకును, పురుగులకును, ఇతర ప్రాణులకును తిండియగును. కరగి పోవలసిన సొమ్మును తిరిగి ఊరిలోనికి తెచ్చు ఉపకారి యన్నమాట.

ఈ స్పంజిక తుమ్మునని చెప్పిన శ్రోతలు నమ్ముదురో లేదో. రంధ్రములలో మట్టిరేణువులు చేరినపుడు జిగురుపదార్థముతో వానిని చుట్టి, శరీరమును మెల్లగ ముడిచి, వెలికి నెట్టివేయును. 2022లో దీనిని చిత్రములు తీసి ప్రకటించిరి. ఒక్కొక్క తుమ్మునకు అరగంటయో ముప్పావుగంటయో పట్టును. కొవాలా సైతము ఇంత నెమ్మదిగ ఏ పనియు చేయదు.

ఇక బుద్ధి విషయము. జంతువులను మెట్లవరుసగ నిలిపి, అడుగుమెట్టున స్పంజికను, పైమెట్టున మనలను కూర్చుండబెట్టుట పాఠ్యపుస్తకములకు అలవాటు. ఈ మెట్లవరుస మాకు అంతగ నచ్చదు. స్పంజికకు మెదడు లేదు, నాడులు లేవు, నిజమే. కొవాలాకు మెదడున్నది. అది సుమారు ఇరువది గ్రాములు తూగును, పైభాగమున ముడుతలు లేక నున్నగ నుండును. కొమ్మనున్న ఆకును తిను కొవాలా, అదే ఆకును త్రుంచి పళ్ళెములో పెట్టినచో తిండిగ గుర్తింపదని చెప్పుదురు. దీనిని చూపి కొవాలా మందమతి యని వ్రాసినవారు కలరు. లక్షల సంవత్సరములలో ఏ కొవాలాకును పళ్ళెములో భోజనము వడ్డింపబడలేదు. అవసరము లేని తెలివిని పోషించుటకు దానికి రాబడి లేదని ముందే చెప్పితిమి. మెదడు శరీరములోని భాగములలో ఎక్కువ ఖర్చు పెట్టించునది.

స్పంజిక విషయమున 2010లో ఒక వింత బయటపడినది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బెర్నార్డు డెగ్నాను, ఆయన సహచరులును, ముందు చెప్పిన హెరన్ ద్వీపపు ఆంఫిమెడాన్ యొక్క జన్యుసంపుటమును చదివి ప్రకటించిరి. నాడి యొకటియు లేని ఆ జంతువులో, మన మెదడునందు ఒక నాడీకణమునకును మఱియొక దానికిని నడుమ నుండు సంధిని కట్టుటకు వలసిన ప్రోటీనుల జన్యువులు అనేకము కనిపించినవి. ఇల్లు లేదు, కాని ఇటుకలు పేర్చియున్నవి. అవి స్పంజికలో ఏ పనిచేయుచున్నవో ఇంకను పరిశోధింపబడుచున్నది. కణములు ఒకదానినొకటి అంటిపెట్టుకొనుట, పరులను గుర్తించుట, అదుపుతప్పి పెరుగకుండ ఆగుట మొదలగు బహుకణజీవి ధర్మములకు సంబంధించిన జన్యువులును అందున్నవి. స్పంజికల శిలాజములు దాదాపు 55 కోట్ల సంవత్సరముల నాటివి. క్వీన్స్‌లాండ్‌లోనే రివర్‌స్లే యనుచోట దొరకిన ప్రాచీన కొవాలాల శిలాజములు రెండు కోట్ల సంవత్సరముల చిల్లర. కొవాలా శరీరమునందు కణములు విడిపోక కలసి బ్రతుకుచున్న వన్నచో, ఆ కట్టుబాటు యొక్క తొలి చట్టము స్పంజికలనాడే వ్రాయబడియుండెనన్నమాట.

ఆ కట్టుబాటు ఎంత గట్టిదో 1907లో అమెరికాలో హెచ్. వి. విల్సను చేసిన ప్రయోగము చూపినది. ఆయన బ్రతికిన స్పంజికను సన్నని పట్టుబట్టలో కట్టి పిండెను. కణములు విడివిడిగ నీటిలోనికి జాఱినవి. కొంతసేపటికి అవి అడుగున ప్రాకుచు ఒకదానినొకటి వెదకికొని, గుంపులుగ చేరి, కొన్ని దినములలో తిరిగి స్పంజికలుగ రూపొందినవి. పురాణమున జరాసంధుని కథ విన్నవారమే. అచ్చట రెండు తునకలు, ఇచ్చట లక్షలు. కొవాలాకు ఈ వరము లేదు. అది ఒక్కటే శరీరము, ఒక్కటే ప్రాణము, పదియో పదునైదో సంవత్సరముల ఆయువు.

మాకు అన్నింటికంటె మనసునకు తగిలిన సామ్యము తల్లితనమునందున్నది. కొవాలా గర్భము ముప్పదియైదు దినములు. పుట్టినపుడు పిల్ల రెండు సెంటిమీటర్లు, చిక్కుడుగింజంత, బరువు అరగ్రాము. కన్ను లేదు, వెండ్రుక లేదు. తనంతట తాను తల్లి పొట్టమీదుగ ప్రాకి సంచిలోనికి చేరి చనుమొనను పట్టును. ఆఱునెలలు అందే పెరుగును. అప్పుడొక చిక్కు వచ్చును. పాలు మాని ఆకు తినవలెను, ఆకు అరుగుటకు సూక్ష్మజీవులు కావలెను, అవి పిల్ల కడుపులో లేవు. తల్లి ఆ దినములలో తన అంధాంత్రమునుండి మెత్తని ప్రత్యేక విసర్జనమును వెలువరించును. సంచి ద్వారము క్రిందివైపునకు ఉండుటచేత పిల్ల తల బయటకు పెట్టి దానిని తినును. చదువరులలో కొందఱు ముఖము చిట్లింపవచ్చును. తల్లి తన వంటయిల్లును బిడ్డకు అప్పగించు విధమది. అది లేనిదే బిడ్డ నోటిలో ఆకు విషము.

ఆంఫిమెడాన్ స్పంజికయు తన పిండములను నీటిలోనికి వెంటనే విడువక శరీరములోపలి ప్రత్యేకమైన గదులలో పెంచును. అట్లు పెంచునపుడు దాది కణములు తల్లిశరీరమునందలి బాక్టీరియాలను మోసికొని వచ్చి పిండములోనికి చేర్చును. మెదడు లేదు, మమత యను మాట వాడుటకు వీలులేదు. కాని తల్లి తోడిచ్చిన ఆ సూక్ష్మజీవులతోనే పిల్లస్పంజిక కడలిలోనికి బయలుదేరును. దాని ఒంటిచుట్టు వెండ్రుకలవంటి నూగు ఉండును. ఆ నూగును ఆడించుచు కొన్ని గంటలో, ఒకటి రెండు దినములో ఈదును. జన్మమంతటిలో అది స్వేచ్ఛగ తిరుగు కాలము అంతయే. పిదప తగినచోటు చూచుకొని తల ఆనించును. ఆ చోటు మంచిదైనను చెడ్డదైనను మఱి కదలుట లేదు. కొవాలా పిల్లకు ఒక సంవత్సరము తల్లివీపు, స్పంజిక పిల్లకు ఒక దినము సముద్రము.

మనుష్యుడు ఈ రెంటికిని ఏమి చేసెనో చెప్పకున్న పోలిక పూర్తికాదు. కొవాలా బొచ్చు దట్టముగ నుండి నీటిని ఆపును. ఆ కారణమున పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి దాని చర్మములు లక్షలకొలది విదేశములకు పోయినవి. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము 1927 ఆగస్టులో ఒక్క నెలపాటు వేటకు అనుమతి యిచ్చినది. పనిలేక యలమటించు గ్రామీణులకు నాలుగు డబ్బులు దొరకుననియు, రానున్న ఎన్నికలలో మేలు కలుగుననియు ఏలినవారి ఆలోచన. ఆ నెలలో సుమారు ఆఱులక్షల కొవాలాలను చంపిరి. కదలక కూర్చుండు జంతువును కాల్చుటకు వేటగాని నేర్పు అక్కఱలేదు. మతాధికారులు, ఉపాధ్యాయులు, పత్రికలవారు ఎలుగెత్తి నిరసించిరి. అటు తరువాత ఆ రాష్ట్రమున కొవాలా వేట మఱల తెఱువబడలేదు. ఆఱులక్షల ప్రాణములు పోయిన పిదపనైనను సామాన్యులే ప్రభుత్వముచేత ఆ పని మాన్పించిరని గుర్తుంచుకొనదగును.

స్పంజికల వేటలో కథ తారుమాఱు. అచ్చట చచ్చినవాడు వేటగాడు. గ్రీసుదేశపు కాలిమ్నోస్, సిమి ద్వీపముల యువకులు తరతరములుగ ఱాతిబరువు పట్టుకొని, ఊపిరి బిగబట్టి మునిగి స్పంజికలు కోసెడివారు. 1860ల తరువాత రబ్బరు దుస్తులును, ఇత్తడి టోపీలును, గాలిగొట్టములును వచ్చినవి. ఎక్కువలోతు పోవచ్చును, ఎక్కువసేపు ఉండవచ్చును. ఆ లోతులో రక్తమునందు కరగిన నత్రజని, వేగముగ పైకి వచ్చినపుడు సోడాసీసా మూత తీసినట్లు బుడగలై పొంగునని ఆనాడు వారికి చెప్పినవారు లేరు. వేలకొలది యువకులు మరణించిరి, వేలకొలది కాళ్ళుచేతులు పడిపోయి ఇల్లు చేరిరి. దొరల స్నానపుగదులలో స్పాంజి మెత్తగనే యుండెను. ఈ సిమి ద్వీపపు మునుగువాండ్రకే 1900లో అంటికితెరా దగ్గఱ మునిగిన ప్రాచీననౌక కనబడినది. గ్రహగతులు లెక్కించు రెండువేల యేండ్లనాటి పండ్లచక్రముల యంత్రము అందులోనిదే. అది వేఱొక ప్రసంగమునకు తగిన విషయము.

స్పంజిక మనకు చేసిన మేలు స్నానపుగదితో ముగియలేదు. పాఱిపోలేని జీవి తన్ను తాను కాపాడుకొనుటకు రసాయనములనే ఆయుధములుగ చేసికొనును. 1950-51లో వెర్నర్ బెర్గ్‌మను అను రసాయనశాస్త్రజ్ఞుడు ఫ్లోరిడా తీరపు స్పంజికనుండి అంతవఱకు ఎఱుగని న్యూక్లియోసైడులను వేఱుచేసెను. వాని నమూనాతో నిర్మించిన సైటారబీన్ అను మందు 1969లో అమెరికాలో అనుమతి పొందినది. రక్తపు కాన్సరులలో ఘోరమైన కొన్నింటికి నేటికిని అది ముఖ్యమైన మందు. మన దేశపు ఆసుపత్రులలోను వాడుచున్నారు. జపానుతీరపు మఱియొక స్పంజికలో దొరకిన పదార్థము ననుసరించి చేసిన ఎరిబ్యులిన్ అను మందు 2010నుండి ఱొమ్ము కాన్సరు చికిత్సలో వాడుకకు వచ్చినది. ఆకువిషమును విఱిచికొను విద్య కొవాలాది, విషము తయారుచేయు విద్య స్పంజికది. రెండవ విద్యవలన బ్రతికినవారు మనలో ఉన్నారు.

ఐనను లోకము కన్నీరు పెట్టుట కొవాలా కొఱకే. దానికి గుండ్రని ముఖమున్నది, మనవంటి వ్రేలిముద్ర లున్నవి, బిడ్డను వీపున మోయును. 2019-20 వేసవిలో ఆస్ట్రేలియా అడవులు దగ్ధమైనపుడు కాలిన కాళ్ళతో నీళ్ళు త్రాగు కొవాలాల బొమ్మలు ప్రపంచమంతట ప్రచురింపబడినవి. అంతకంటె పాతశత్రువులు చెట్లనఱికివేతయు, రోడ్లును, కుక్కలును, క్లమిడియా యను అంటువ్యాధియు. చెట్టు నఱికిన తరువాతను కొవాలా తనకు తెలిసిన ఆ చోటికే తిరిగివచ్చునని చూచినవారు చెప్పుదురు. వచ్చునపుడు దారి దాటవలెను. దారిమీద మోటారు బండ్లు. 2012లో దుర్బలస్థితిలో నున్నదని ప్రకటింపబడిన ఈ జంతువును 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని మండలములయందు అపాయస్థితిలో నున్నదని మార్చి ప్రకటించిరి. 2025లో క్లమిడియాకు టీకా అనుమతి పొందినది. అడవిలో చెట్టెక్కి పట్టి సూదివేయుట ఎంతపనియో ఊహింపుడు.

అదే 2022లో, మేనెలలో, న్యూజీలాండు దక్షిణతీరమునుండి మఱియొక వార్త వచ్చినది. సముద్రపు నీరు మితిమీఱి వేడెక్కగ అచ్చటి ఫియర్డులలోని గిన్నెవంటి స్పంజికలు లక్షలకొలది రంగువెలసి తెల్లబడినవి. తమలో నివసించి వన్నెయు తిండియు ఇచ్చు సూక్ష్మశైవలములను పోగొట్టుకొన్నవన్నమాట. అది పెక్కు పత్రికలలో ఒక మూల పడినది. కొవాలా వేడికి చెట్టు మానును కౌగిలించుకొనును. స్పంజికకు ఎటు పోవుటకును కాళ్ళు లేవు.

విద్యార్థికి మా సమాధానము ఇది: రెంటిలో ఏదియు సోమరి కాదు, ఒకటి పొదుపరి, మఱియొకటి కష్టజీవి. కొవాలాను మన ప్రాంతమున చూచుట సాధ్యము కాదు. జామాయిలు ఆకు నొకదానిని నలిపి వాసన చూచినచో దాని భోజనమెట్టిదో కొంత తెలియును. స్పంజికను చూచుటకు మాత్రము సముద్రమునకు పోనక్కఱలేదు. మంచినీటి స్పంజికలు మన చెఱువులలోను ఉన్నవి. కలకత్తాలో నెల్సన్ అనండేలు వీనిని పరిశోధించి 1911లో పెద్దగ్రంథము ప్రకటించెను. చలికాలమున చెఱువుమెట్ల అడుగున, మునిగిన ఇటుకలమీద, పుల్లలమీద గరుకైన పచ్చనిదో బూడిదరంగుదో బెరడువలె కనబడును. వేసవిలో నీరు తగ్గినపుడు ఆ బెరడు చచ్చి, ఆవాలకంటె చిన్నవగు గట్టిగుండ్లు మిగులును. ఎండకు ఎండినను వానిలో ప్రాణముండును. అట్టి గుండ్లు అంటియున్న ఇటుకముక్కను తెచ్చి, గాజుపాత్రలో చెఱువునీరు పోసి, నీడపట్టున నుంచి, రోజును భూతద్దముతో చూచుచుండవలెను. వారము పదిదినములలో గుండు ప్రక్కనుండి తెల్లని పొర యొకటి వెలువడి ఇటుకపై ప్రాకును. అది స్థిరపడిన పిదప దానిచెంత నీటిలో ఒక్క చుక్క పలుచని సిరా మెల్లగ విడిచినచో, గ్రాంటు చూచినదే చూడవచ్చును.